విస్కాన్సిన్ బడులు, యూనివర్సిటీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విస్కాన్సిన్‌కు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలు ముందుగా అడిగేది "ఏ స్కూల్ మంచిది?" అని. కొన్నాళ్లు గడిచాక వేరే ప్రశ్నలు మొదలవుతాయి. ఇంటి పన్నులో బడికి అంత ఎందుకు పోతోంది? ఏప్రిల్‌లో ఈ ఎన్నికలేమిటి? మతం పేరున్న ప్రైవేటు బడికి ప్రభుత్వం డబ్బెలా ఇస్తోంది? వీటికి జవాబు చెప్పాలంటే చరిత్రలోకి వెళ్లక తప్పదు. బడి ఎవరిది, తల్లిదండ్రులదా, ఊరిదా, ప్రభుత్వానిదా అనే వాదన ఈ రాష్ట్రంలో దాదాపు 180 ఏళ్లుగా నడుస్తోంది. నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను.

ఇక్కడ ప్రభుత్వ బడి ఎప్పుడు మొదలైంది?

విస్కాన్సిన్ రాష్ట్రం కాకముందే మొదలైంది. 1836లో ఇది టెరిటరీ (ఇంకా రాష్ట్ర హోదా రాని ప్రాంతం) అయింది, 1848 మే 29న రాష్ట్రమైంది. ఈ రెండింటి మధ్య, 1845లో, మిషిగన్ సరస్సు ఒడ్డున సౌత్‌పోర్ట్ అనే చిన్న ఊళ్లో తొలి ఉచిత ప్రభుత్వ బడి తెరిచారు. ఆ ఊరినే ఇప్పుడు కెనోషా అంటున్నాం. అక్కడి పత్రికా సంపాదకుడు మైకేల్ ఫ్రాంక్ టెరిటరీ శాసనసభలో సభ్యుడు కూడా. పన్ను డబ్బుతో అందరి పిల్లలకూ చదువు చెప్పించాలని బిల్లు పెట్టి, పోరాడి నెగ్గించుకున్నాడు. తన పిల్లలు చదవని బడికి తానెందుకు పన్ను కట్టాలి అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

మూడేళ్ల తర్వాత రాసుకున్న రాష్ట్ర రాజ్యాంగంలో పదో అధికరణం మొత్తం చదువు గురించే. 4 ఏళ్ల నుంచి 20 ఏళ్ల లోపు వాళ్లందరికీ బడి ఉచితం, బడులన్నీ వీలైనంత మేరకు ఒకేలా ఉండాలి, మతబోధ ఉండకూడదు అని అందులో రాశారు. ఈ మూడు మాటల చుట్టూ తర్వాత ఎన్ని కోర్టు కేసులు నడిచాయో కింద చూస్తారు.

మొదట్లో బడులకు డబ్బు ఎక్కడిది?

భూమి నుంచి. 1785 నాటి కేంద్ర చట్టం ప్రకారం పడమటి భూములను ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న టౌన్‌షిప్‌లుగా కొలిచారు. ఒక్కో టౌన్‌షిప్‌లో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. వాటిలో 16వ సెక్షన్ బడికి. విస్కాన్సిన్ ఆ భూముల్లో చాలావాటిని తొలిరోజుల్లోనే చవకగా అమ్మేసింది. అయినా వచ్చిన సొమ్ముతో కామన్ స్కూల్ ఫండ్ అనే శాశ్వత నిధి నిలిచింది. కోర్టులు వేసే కొన్ని జరిమానాలు కూడా అందులోకే పోతాయి. ఆ నిధి నుంచి ఊళ్లకు, స్కూల్ డిస్ట్రిక్ట్‌లకు (ఒక్కో ప్రాంతంలో బడులను నడిపే స్థానిక సంస్థలకు) అప్పులిస్తారు. ఆ వడ్డీ, పెట్టుబడుల మీద వచ్చే ఆదాయం ప్రభుత్వ బడుల లైబ్రరీలకు చేరుతుంది. మీ పిల్లలు బడి నుంచి తెచ్చుకున్న కథల పుస్తకం వెనక 19వ శతాబ్దపు భూమి ఉండే అవకాశం ఎక్కువ.

ఆ భూమి ఎవరిది అన్నది తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న. ఓజిబ్వే, హో-చంక్, మెనామనీ మొదలైన ఆదివాసీ జాతులది. ఒప్పందాల పేరుతో, చాలాసార్లు బలవంతంగా వాళ్ల చేతుల్లోంచి తీసుకున్నది. దాని గురించి కింద విడిగా రాశాను.

అమెరికాలో తొలి కిండర్‌గార్టెన్ ఇక్కడే పెట్టారంటారు, నిజమేనా?

నిజమే. 1856లో వాటర్‌టౌన్ అనే ఊళ్లో మార్గరేతే షుర్జ్ తన కూతురికీ, బంధువుల పిల్లలకూ ఇంట్లోనే మొదలుపెట్టింది. ఆమె జర్మనీలోని హాంబర్గ్ నుంచి వచ్చింది. చిన్నపిల్లలు ఆటలతో, పాటలతో, చెక్క దిమ్మెలతో నేర్చుకోవాలని చెప్పిన ఫ్రోబెల్ పద్ధతిని అక్కడ నేరుగా నేర్చుకుంది. వాటర్‌టౌన్ బడిలో మాట్లాడింది జర్మన్ భాషే. అంటే అమెరికా తొలి కిండర్‌గార్టెన్ ఇంగ్లీష్ మీడియం కాదు! 1859లో ఆమెను బోస్టన్‌లో కలిసిన ఎలిజబెత్ పీబడీ మరుసటి ఏడాది అక్కడ ఇంగ్లీషులో ఇలాంటి బడి తెరిచింది. అక్కణ్నుంచి అది దేశమంతా పాకింది. వాటర్‌టౌన్‌లోని ఆ చిన్న చెక్క ఇంటిని తర్వాత మ్యూజియం ఆవరణలోకి తరలించి కాపాడుతున్నారు. పిల్లలతో వెళ్లి చూడదగ్గ చోటు.

విస్కాన్సిన్‌లోనే పుట్టిన ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ కూడా చిన్నప్పుడు అమ్మ కొనిచ్చిన ఫ్రోబెల్ దిమ్మెలే తనకు ఆకారాలు నేర్పాయని పెద్దయ్యాక చెప్పుకున్నాడు.

బెనెట్ చట్టం అంటే ఏమిటి? దాని గురించి అంత చెప్పుకుంటారెందుకు?

ఈ పేజీ మొత్తంలో మీరు ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవమంటాను.

1879 నుంచే విస్కాన్సిన్‌లో పిల్లలు ఏడాదికి కనీసం 12 వారాలు బడికి వెళ్లాలన్న చట్టం ఉంది. కానీ దాన్ని గట్టిగా అమలు చేసినవాళ్లు లేరు. 1889లో కొత్త చట్టం తెచ్చారు. శాసనసభలో పెట్టిన మైకేల్ బెనెట్ పేరుతో అది బెనెట్ చట్టమైంది. బడికి వెళ్లి తీరాలి, చిన్నపిల్లలను ఫ్యాక్టరీ పనుల్లో పెట్టకూడదు అన్నది అందులో మంచి భాగం. నిప్పు రాజుకుంది ఇంకో చోట. చదవడం, రాయడం, లెక్కలు, అమెరికా చరిత్ర ఇంగ్లీషులో చెబితేనే అది బడి కింద లెక్క అని అందులో రాశారు. ప్రైవేటు బడులకూ అదే నియమం.

అప్పటి విస్కాన్సిన్‌లో జర్మన్లు పెద్ద సంఖ్యలో ఉండేవాళ్లు. లూథరన్, కాథలిక్ చర్చిల పక్కనే వాళ్ల బడులు. అక్కడ ప్రార్థనా, పాఠమూ జర్మన్‌లోనే. లూథరన్లకూ కాథలిక్కులకూ మతం విషయంలో తరాల నాటి పడని తగాదా. అలాంటివాళ్లు ఈ ఒక్క చట్టం మీద ఒక్కటయ్యారు. నార్వే నుంచి వచ్చిన లూథరన్లు, పోలండ్ కాథలిక్కులు కూడా వాళ్లతో కలిశారు. పిల్లవాడికి ఇంగ్లీషు వద్దని వాళ్లలో చాలామంది అనలేదు. ఇంట్లో మాట్లాడే భాషను బడిలోంచి తీసేసే హక్కు ప్రభుత్వానికి ఎవరిచ్చారు అని అడిగారు.

గవర్నర్ విలియం హోర్డ్ తగ్గలేదు. ఆయన చెడ్డవాడని నేను అనను. గోధుమ పండించి భూమి సారం పోగొట్టుకున్న రైతులకు పాడి వైపు తిరగమని ఊరూరా చెప్పినవాడు, పాడి రైతుల పత్రిక పెట్టినవాడు. దేశభాష రాని పిల్లవాడు వెనకబడిపోతాడని నిజంగానే నమ్మాడు. 1890 ఎన్నికల్లో ఓడిపోయాడు. హాస్య రచయితగా పేరున్న మిల్వాకీ మేయర్ జార్జ్ పెక్ గవర్నరయ్యాడు. 1891లో చట్టం రద్దయింది.

తెలుగు మీడియమా, ఇంగ్లీష్ మీడియమా అన్న వాదనలు వింటూ పెరిగిన మనకు ఇందులో రెండు వైపులా మాట్లాడినవాళ్లు పరిచయస్తుల్లా కనిపిస్తారు. నా అభిప్రాయం అడిగితే, హోర్డ్ కోరుకున్నది మంచిదే, పోయిన దారి తప్పు. ఇంగ్లీషు నేర్పే మాస్టార్లను ఇచ్చి ఉంటే ఆ తల్లిదండ్రులు కాదనేవాళ్లు కారు. ఆ తర్వాత జరిగింది మాత్రం బాధ కలిగిస్తుంది. చట్టంతో పోని జర్మన్ బడులు మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ద్వేషంతో చాలావరకు పోయాయి.

ప్రభుత్వ బడుల్లో ప్రార్థన, బైబిల్ ఉండవా?

ఉండవు. ఈ విషయంలో విస్కాన్సిన్ చాలా ముందుంది. ఎడ్జర్టన్ ఊళ్లో ప్రభుత్వ బడిలో ప్రొటెస్టెంట్ల బైబిల్ చదివిస్తున్నారని కాథలిక్ తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. అది మతబోధ కిందికే వస్తుంది, రాజ్యాంగం ఒప్పుకోదు అని 1890లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికా సుప్రీంకోర్టు అదే మాట చెప్పడానికి 1963 దాకా పట్టింది.

బడి ఎన్నికల్లో ఆడవాళ్లు ముందే ఓటు వేశారట కదా?

అవును, కానీ తేలిగ్గా రాలేదు. 1869లో స్కూల్ బోర్డు పదవులకు ఆడవాళ్లు పోటీ చేయవచ్చని చట్టం వచ్చింది. అంటే గెలవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. బడికి సంబంధించిన విషయాల్లో వాళ్లు ఓటు వేయవచ్చని 1886లో ప్రజాభిప్రాయంతో తేలింది. రేసీన్ ఊరి పాస్టర్ ఒలింపియా బ్రౌన్ మరుసటి ఏడాది మున్సిపల్ ఎన్నికల్లో ఓటు వేయబోయింది. స్కూల్‌ను నడిపేది ఊరే కాబట్టి ఊరి ఎన్నికా బడి ఎన్నికే అని ఆమె వాదన. అధికారులు ఆ ఓటు తీసుకోలేదు. రాష్ట్ర సుప్రీంకోర్టులో ఆమె ఓడిపోయింది. స్కూల్ పదవులకు విడిగా బ్యాలెట్ పెట్టాలని 1901లో చట్టం వచ్చేదాకా ఆ ఓటు కాగితం మీదే ఉండిపోయింది. 1920లో పూర్తి ఓటు హక్కు వచ్చినప్పుడు ఒలింపియా బ్రౌన్‌కు 85 ఏళ్లు. ఆ ఏడాది ఆమె ఓటు వేసింది.

"విస్కాన్సిన్ ఐడియా" అని అందరూ అంటారు. అదేమిటి?

యూనివర్సిటీ గోడలు రాష్ట్రం సరిహద్దుల దాకా ఉండాలి అన్న ఆలోచన. చెప్పడానికి ఒక్క వాక్యం, జరిగింది మాత్రం చాలా పెద్దది.

మాడిసన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ విస్కాన్సిన్ 1848లోనే చట్టంలో పుట్టింది. 1849 ఫిబ్రవరిలో జాన్ స్టెర్లింగ్ అనే ప్రొఫెసర్ 17 మంది కుర్రాళ్లకు మొదటి క్లాసు చెప్పాడు. 1862 నాటి మోరిల్ చట్టం కింద కేంద్రం ఇచ్చిన 2,40,000 ఎకరాల భూమి 1866లో యూనివర్సిటీ వంతుకు వచ్చాక వ్యవసాయం కూడా చెప్పాల్సిన బాధ్యత పడింది. రైతులకు మొదట్లో దీని మీద నమ్మకం లేదు. చలికాలం పొలం పని లేనప్పుడు రైతు బిడ్డలకు చిన్న కోర్సులు, ఊళ్లలో రైతు సభలు 1880ల మధ్యలో మొదలయ్యాయి.

నమ్మకం తెచ్చింది ఒక పరీక్ష. పాలు కొనేవాడు తూకం చూసి డబ్బిస్తే నీళ్లు కలిపినవాడికే లాభం. 1890లో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే ప్రొఫెసర్ పాలల్లో వెన్న ఎంత ఉందో ఎవరైనా చవకగా, త్వరగా తేల్చే పద్ధతి కనిపెట్టాడు. మన పల్లెల్లో పాలకేంద్రం దగ్గర ఫ్యాట్ చూసి రేటు కడతారే, ఆ న్యాయాన్ని విస్కాన్సిన్ రైతుకు ఇచ్చింది ఇదే. బాబ్‌కాక్ దానికి పేటెంట్ తీసుకోలేదు. పాల వ్యాపారంలో మోసం తగ్గింది, మంచి ఆవును గుర్తుపట్టడం వీలైంది. కొద్ది దశాబ్దాల్లోనే రాష్ట్రం పాడిలో దేశానికే మొదటిదయింది.

1903 నుంచి 1918 దాకా ప్రెసిడెంట్‌గా ఉన్న చార్ల్స్ వాన్ హైస్ దీన్ని ఒక సిద్ధాంతంగా చేశాడు. భూగర్భ శాస్త్రవేత్త. ఈ యూనివర్సిటీ ఇచ్చిన మొట్టమొదటి పీహెచ్‌డీ కూడా ఆయనదే. యూనివర్సిటీ చేసే మేలు రాష్ట్రంలో ప్రతి కుటుంబానికీ అందేదాకా తనకు తృప్తి ఉండదని చెప్పాడు. 1907లో ఎక్స్‌టెన్షన్ విభాగాన్ని గట్టిపరిచి, దూరాన ఉన్నవాళ్లకు పోస్టులో పాఠాలు పంపించాడు. ఇంకో పక్క చార్ల్స్ మెకార్తీ 1901లో శాసనసభ కోసం ఒక లైబ్రరీ మొదలుపెట్టాడు. ఎమ్మెల్యేలు బిల్లు రాయాలంటే సమాచారం కోసం కంపెనీల మనుషుల మీద ఆధారపడకూడదన్నది అతని పట్టుదల. పనిలో దెబ్బ తగిలిన కార్మికుడికి పరిహారం, రాష్ట్ర ఆదాయపు పన్ను వంటి 1911 చట్టాల వెనక ప్రొఫెసర్ల చేయి ఉంది. 1931లో యూనివర్సిటీ రేడియో పల్లె బడులకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. ఒకే గది, ఒకే టీచరమ్మ ఉన్న బడిలో పిల్లలు రేడియో చుట్టూ కూర్చుని సంగీతం, సైన్సు విన్నారు.

నాకు బాగా నచ్చిన కథ ఇంకొకటి. 1933 ఫిబ్రవరిలో, మంచు తుఫానులో, ఒక రైతు దాదాపు 190 మైళ్లు ట్రక్కు నడుపుకుంటూ మాడిసన్ వచ్చాడు. ట్రక్కులో చచ్చిపోయిన పశువు, ఒక పాల క్యాన్ నిండా గడ్డకట్టని రక్తం, బూజు పట్టిన గడ్డి. పశువులు రక్తం కారి చనిపోతున్నాయి. వెళ్లాల్సిన ఆఫీసు మూసి ఉంది. తలుపు తెరిచి ఉన్న కార్ల్ లింక్ ల్యాబ్‌లోకి వెళ్లాడు. ఆ గడ్డిలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థమేమిటో తేల్చడానికి లింక్ బృందానికి ఏళ్లు పట్టింది. దాని నుంచి వచ్చిన మందే వార్ఫరిన్. గుండె వాల్వు మార్చినవాళ్లకు డాక్టరు రాసిచ్చే వార్ఫరిన్ మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు వాడి ఉంటారు. ఆ పేరులోని "వార్ఫ్" విస్కాన్సిన్ అలమ్నై రీసెర్చ్ ఫౌండేషన్ పొట్టిపేరు. ప్రొఫెసర్లు కనిపెట్టినవాటి మీద వచ్చే డబ్బు మళ్లీ పరిశోధనకే చేరాలని 1925లో పెట్టిన సంస్థ అది. ఆ రైతు తలుపు తట్టగలిగాడు కాబట్టే ఆ మందు వచ్చింది.

మాడిసన్ యూనివర్సిటీలో బాస్కం హాల్ అనే భవనం గోడ మీద ఉన్న పలక దేని గురించి?

1894లో ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ రిచర్డ్ ఈలీ సమ్మెలను సమర్థిస్తున్నాడని, ప్రమాదకరమైన భావాలు నేర్పుతున్నాడని రాష్ట్ర విద్యాధికారి ఆలివర్ వెల్స్ ఆరోపించాడు. యూనివర్సిటీ పాలకమండలి విచారణ జరిపి ఈలీ తప్పేమీ లేదని తేల్చింది. అంతటితో ఆగకుండా, నిజాన్ని కనుక్కోవాలంటే భయం లేకుండా జల్లెడ పట్టాలి, చెరిగి చూడాలి అని రాసింది. ఆ మాటలనే 1910 బ్యాచ్ విద్యార్థులు కంచు పలక మీద చెక్కించారు. పాలకమండలి దాన్ని గోడకు ఎక్కించడానికి 1915 దాకా ఒప్పుకోలేదు.

మిగతా యూనివర్సిటీలు, టెక్నికల్ కాలేజీలు ఎలా వచ్చాయి?

చాలావరకు టీచర్ ట్రైనింగ్ బడుల నుంచి. మొదటిది 1866లో ప్లాట్‌విల్‌లో, తర్వాత వైట్‌వాటర్, ఆష్‌కాష్, రివర్ ఫాల్స్ ఇలా వరసగా, చివరిది 1916లో ఓ క్లేర్‌లో. పేర్లు మారుతూ స్టేట్ కాలేజీలయ్యాయి, యూనివర్సిటీలయ్యాయి. 1971లో గవర్నర్ పాట్రిక్ లూసీ వీటినీ మాడిసన్ వ్యవస్థనూ కలిపేశాడు. ఇప్పుడు ఆ ఒకే వ్యవస్థలో 13 యూనివర్సిటీలు. టెక్నికల్ కాలేజీలు 16. వాటి మూలం 1911 చట్టంలో ఉంది. పనిలోకి పోయిన పిల్లలకు చదువు ఆగకూడదని తెచ్చిన చట్టమది. అలాంటి తొలి బడి రేసీన్‌లో మొదలైంది. నర్సింగ్, వెల్డింగ్, ఎలక్ట్రీషియన్ పనులు నేర్చుకునేది ఇక్కడే. మన వాళ్లు వీటిని తక్కువగా చూడటం నాకు నచ్చదు. తక్కువ ఖర్చుతో రెండేళ్లు ఇక్కడ చదివి యూనివర్సిటీకి మారే పిల్లలు చాలామంది ఉన్నారు.

ఆదివాసీ పిల్లల చదువు సంగతి?

ఇది చెప్పకుండా ఈ రాష్ట్రంలో చదువు చరిత్ర చెప్పకూడదు. మాడిసన్ క్యాంపస్ ఉన్న చోటు హో-చంక్ ప్రజలు తెజోప్ అని పిలుచుకునే నేల. 1832 ఒప్పందంతో వాళ్లు దాన్ని వదులుకోవాల్సి వచ్చింది. వెళ్లగొట్టినా మళ్లీ మళ్లీ తిరిగొచ్చారు. వాళ్ల పూర్వీకులు కట్టిన మట్టి దిబ్బలు క్యాంపస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఈ విషయం చెప్పే ఫలకాన్ని యూనివర్సిటీ 2019లో పెట్టింది.

ఇక బోర్డింగ్ స్కూళ్లు. టోమాలో 1893 నుంచి 1935 దాకా, లాక్ డు ఫ్లాంబోలో 1895 నుంచి 1932 దాకా కేంద్ర ప్రభుత్వం ఇలాంటివి నడిపింది. పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లేవారు. జుట్టు కత్తిరించేవారు, యూనిఫాం వేసేవారు, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. సగం రోజు చదువు, సగం రోజు పని. బెనెట్ చట్టాన్ని ఓడించిన తల్లిదండ్రులకు ఓటుంది. ఈ తల్లిదండ్రుల్లో చాలామందికి లేదు. ఒకే రాష్ట్రంలో, ఒకే దశాబ్దంలో జరిగిన ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నేను అందరికీ చెబుతాను.

మార్పు వాళ్ల నుంచే వచ్చింది. ఒప్పందాల ప్రకారం ఓజిబ్వేలకు చేపలు పట్టే హక్కు ఉందని 1983లో ఫెడరల్ అప్పీల్ కోర్టు చెప్పింది. ఆ తర్వాత పడవల రేవుల దగ్గర జనం గుమికూడి తిట్టారు, రాళ్లు విసిరారు. అసలు ఒప్పందాల గురించి బడిలో ఎవరికీ చెప్పకపోవడమే దీనికి మూలమని గుర్తించి 1989లో యాక్ట్ 31 తెచ్చారు. రాష్ట్రంలోని 11 గుర్తింపు పొందిన జాతుల చరిత్ర, సంస్కృతి, స్వపాలన ప్రాథమిక తరగతుల్లో కనీసం రెండుసార్లు, హైస్కూల్లో ఒకసారి చెప్పాలి. ఈ రోజు లాక్ కూర్ట్ ఓరేల్ ప్రాంతంలో ఓజిబ్వే భాషలోనే పాఠాలు చెప్పే బడి ఉంది. ఆ జాతి 1982లో సొంత కాలేజీ పెట్టుకుంది. మెనామనీ జాతి 1993లో పెట్టుకుంది.

మిల్వాకీ వోచర్ల కథ ఎక్కడ మొదలైంది?

వోచర్ అంటే పిల్లల ప్రైవేటు బడి ఫీజు ప్రభుత్వమే కట్టడం. అది మొదలైంది 1990లో అని అందరూ అంటారు. నేను ఇంకా వెనక్కి, 1960లకు వెళ్తాను. మిల్వాకీలో నల్లజాతి పిల్లల బడులు కిక్కిరిసిపోయినప్పుడు కొన్ని తరగతులను బస్సుల్లో తెల్లవాళ్ల బడులకు పంపేవారు. కానీ అక్కడి పిల్లలతో కలపలేదు. టీచరుతో సహా తరగతి మొత్తం వెళ్లి విడిగా ఒక గదిలో కూర్చునేది. మధ్యాహ్నం భోజనానికి మళ్లీ పాత బడికి తీసుకొచ్చేవారు. లాయర్, శాసనసభ్యుడు లాయిడ్ బార్బీ దీన్ని నిలదీశాడు. 1964 మే నెలలో వేలమంది పిల్లలు ఒకరోజు బడి మానేసి చర్చిల్లో పెట్టిన ఫ్రీడమ్ స్కూళ్లకు వెళ్లారు. 1965లో వేసిన కేసుకు 1976 జనవరిలో తీర్పొచ్చింది. మిల్వాకీ బడులు కావాలనే పిల్లలను విడదీశాయని ఫెడరల్ జడ్జి జాన్ రేనాల్డ్స్ తేల్చాడు. కానీ ఆ తర్వాత బస్సుల్లో దూరం పోయే భారం ఎక్కువగా నల్లజాతి పిల్లల మీదే పడింది.

ఆ కోపం నుంచే పాలీ విలియమ్స్ వచ్చింది. డెమొక్రాట్ శాసనసభ్యురాలు, నల్లజాతి తల్లి. మా పిల్లలకు మంచి బడి మీరివ్వకపోతే మేమే ఎంచుకుంటామంది. రిపబ్లికన్ గవర్నర్ టామీ థాంప్సన్‌తో కలిసి పేద కుటుంబాల పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు ప్రభుత్వమే కట్టే పథకం తెచ్చింది. 1990లో సుమారు 340 మంది పిల్లలు, ఏడు బడులతో మొదలైంది. అమెరికాలో ఆధునిక వోచర్ పథకాల్లో ఇది మొదటిది. 1998లో రాష్ట్ర సుప్రీంకోర్టు మతసంస్థల బడులకూ ఒప్పుకుంది. 2011లో రేసీన్‌కు, 2013లో రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఆదాయ పరిమితి పెంచినప్పుడు పాలీ విలియమ్స్ తానే వ్యతిరేకించింది. తాను పోరాడింది పేదల కోసమని చెప్పింది. వోచర్లు మంచివా చెడ్డవా అని అడిగినవాళ్లకు నేను ముందు ఆమె కథ చెబుతాను.

హైస్కూల్ మానేసే హక్కు గురించి సుప్రీంకోర్టు కేసు ఇక్కడిదేనా?

అవును, విస్కాన్సిన్ వర్సెస్ యోడర్, 1972. న్యూ గ్లారస్ దగ్గర ఆమిష్ అనే క్రైస్తవ వర్గానికి చెందిన ముగ్గురు తండ్రులు తమ పిల్లలను ఎనిమిదో తరగతి తర్వాత బడికి పంపలేదు. 16 ఏళ్ల దాకా పంపాలన్నది చట్టం. తలా 5 డాలర్ల జరిమానా పడింది. మత స్వేచ్ఛ కింద వాళ్లు అమెరికా సుప్రీంకోర్టులో గెలిచారు. జస్టిస్ డగ్లస్ మాత్రం తండ్రుల మాట విన్నాం, పిల్లల మాట ఎవరు విన్నారు అని అడిగాడు. ఆ పిల్లల్లో విచారణలో సాక్ష్యం చెప్పింది ఒక్క అమ్మాయే. నాకు ఆ ప్రశ్నే పెద్దదిగా కనిపిస్తుంది.

ఇప్పుడు బడులను ఎవరు నడుపుతారు, డబ్బు ఎవరిస్తారు?

రాష్ట్రంలో 421 స్కూల్ డిస్ట్రిక్ట్‌లున్నాయి. ప్రతిదానికీ ఎన్నికైన స్కూల్ బోర్డు ఉంటుంది. రాష్ట్రం మొత్తానికి ఒక సూపరింటెండెంట్ ఉంటారు. పార్టీ గుర్తు లేకుండా, నాలుగేళ్లకోసారి ఏప్రిల్‌లో జనం ఎన్నుకుంటారు. చాలా రాష్ట్రాల్లో ఉండే స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఇక్కడ లేదు. 2019లో గవర్నరైన టోనీ ఎవర్స్ అంతకుముందు ఆ సూపరింటెండెంటే.

డబ్బు ప్రధానంగా రాష్ట్ర సాయం, ఇంటి పన్ను. 1993 నుంచి ఈ రెండూ కలిపి ఒక విద్యార్థికి ఎంత దాకా తీసుకోవచ్చో రాష్ట్రం పరిమితి పెట్టింది. అది దాటాలంటే ఊరి జనం ఓటుతో ఒప్పుకోవాలి. ఏప్రిల్‌లో, నవంబర్‌లో మీ బ్యాలెట్ మీద కనిపించే స్కూల్ రెఫరెండం అదే. దయచేసి చదివి ఓటు వేయండి, పౌరసత్వం ఉన్నవాళ్లు.

2023లో ఒక వింత జరిగింది. 2023-24, 2024-25 సంవత్సరాలకు విద్యార్థికి 325 డాలర్ల చొప్పున పరిమితి పెంచుతూ బిల్లు వచ్చింది. ఇక్కడి గవర్నర్‌కు ఖర్చు బిల్లుల్లో మాటలనూ అంకెలనూ కొట్టేసే వీటో ఉంది. ఎవర్స్ "20"ని, అడ్డగీతను కొట్టేశారు. "2024-25" కాస్తా "2425" అయింది. అంటే పెంపు 400 ఏళ్లపాటు! 2025లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెల్లుతుందంది. గుర్తుంచుకోండి, పెరిగింది పరిమితే. రాష్ట్రం సాయం పెంచకపోతే ఆ భారం ఇంటి పన్ను మీదికే వస్తుంది.

టీచర్ల సంగతికొస్తే, ప్రభుత్వ ఉద్యోగులకు సమష్టి బేరసారాల హక్కు దేశంలో మొదట ఇచ్చింది విస్కాన్సినే, 1959లో. 2011లో స్కాట్ వాకర్ ప్రభుత్వం యాక్ట్ 10తో దాన్ని చాలావరకు తీసేసింది. చలిలో వేలమంది టీచర్లు, విద్యార్థులు వారాల తరబడి కాపిటల్ భవనంలో కూర్చున్నారు. ఆ గాయం ఇంకా మానలేదు. ఏ స్టాఫ్‌రూంలోనైనా ఆ మాట ఎత్తి చూడండి.

కొత్తగా వచ్చాం. బిడ్డను బడిలో ఎలా చేర్చాలి?

మీ అడ్రసును బట్టి బడి. అద్దె అగ్రిమెంట్ లాంటి అడ్రస్ రుజువు, పుట్టిన తేదీ రుజువు, టీకాల కాగితం చాలు. వీసా గురించి టెన్షన్ పడొద్దు. ఇమిగ్రేషన్ స్థితి చూసి ప్రభుత్వ బడి ఏ పిల్లనూ కాదనకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. సెప్టెంబర్ 1 నాటికి 4 ఏళ్లు నిండితే 4కే (నాలుగేళ్ల పిల్లల కిండర్‌గార్టెన్), 5 నిండితే కిండర్‌గార్టెన్, 6 నిండితే ఒకటో తరగతి. 4కే దాదాపు అన్ని డిస్ట్రిక్ట్‌లలో ఉంది. పక్క డిస్ట్రిక్ట్ బడి కావాలంటే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌కు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ చివరి దాకా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సౌకర్యం 1998 నుంచి ఉంది. బడులు మామూలుగా సెప్టెంబర్ 1కి ముందు తెరవరు. టూరిస్టు సీజన్ కోసం పెట్టిన చట్టం అది. కొన్ని చోట్ల మినహాయింపు ఉంటుంది.

రేటింగ్ వెబ్‌సైట్లు చూసి ఇల్లు కొనకండి. ఒక స్కూల్ బోర్డు మీటింగ్‌కు వెళ్లి వెనక కూర్చుని వినండి. ఎవరైనా రావచ్చు.

తెలుగుకూ విస్కాన్సిన్‌కూ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, బలమైనదే. వెల్చేరు నారాయణరావు 1971లో మాడిసన్ వచ్చి దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు, భారతీయ సాహిత్యం చెప్పారు. ఆయన ఉన్న పీఠానికి శ్రీకృష్ణదేవరాయల పేరుండేది. తెలుగు కావ్యాలను ప్రపంచం చదవగలిగేలా అనువాదాలు చేసిన పనిలో ఎక్కువ భాగం ఆ ఊళ్లోనే జరిగింది.

ఇంకో కథ పుస్తకాలది. పీఎల్ 480 గోధుమలు మన పెద్దవాళ్లకు గుర్తే. అమెరికా గోధుమలకు భారత్ రూపాయల్లో డబ్బు కట్టింది. ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ ఆఫీసు భారతీయ భాషల పుస్తకాలు కొని కొన్ని అమెరికన్ యూనివర్సిటీలకు పంపింది. వాటిలో మాడిసన్ ఒకటి. అలా మనవాళ్లు తిన్న గోధుమ రొట్టెల డబ్బుతో కొన్న తెలుగు పుస్తకాలు మంచు కురిసే ఈ ఊళ్లో అల్మరాల్లోకి చేరాయి. తెలుగులో ఏదైనా పాత పుస్తకం కోసం వెతుకుతుంటే మీ ఊరి లైబ్రరీలో ఇంటర్‌లైబ్రరీ లోన్ అడిగి చూడండి.